రైతు సంతకం లేని ఒప్పందం

1988 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక కంపెనీకి అనుమతి ఇచ్చింది. అమెరికాకు చెందిన పెప్సీకో, టాటాల వోల్టాస్, పంజాబ్ ప్రభుత్వానికి చెందిన పంజాబ్ ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్ అందులో భాగస్వాములు. దేశం ఆ అనుమతిని శీతల పానీయాల కథగానే గుర్తు పెట్టుకుంది. 1977లో జనతా ప్రభుత్వ కాలంలో కోకా కోలా దేశం విడిచి వెళ్లింది. పదకొండేళ్ల తరువాత దాని ప్రత్యర్థి మరో ద్వారం గుండా లోపలికి వచ్చింది. పత్రికలు రాసింది ఇదే, పార్లమెంటులో ప్రతిపక్షం అడ్డుకున్నదీ దీన్నే. ఆనాటి షరతులను ఇప్పుడు తిరగేస్తే మాత్రం కోలా ప్రస్తావన కొద్దిగానే కనిపిస్తుంది. మిగిలినదంతా వ్యవసాయం.

కంపెనీ టర్నోవరులో శీతల పానీయాల వాటా 25 శాతం దాటకూడదు. మిగిలిన ముప్పావు వంతు పండ్లు, కూరగాయలు, చిరుతిళ్లు వంటి ఆహార పదార్థాల నుంచి రావాలి. దిగుమతుల మీద ఒక రూపాయి ఖర్చు చేస్తే ఎగుమతుల ద్వారా ఐదు రూపాయలు తేవాలి. పదేళ్ల పాటు ఈ నిష్పత్తి తప్పకూడదు. దేశవ్యాప్తంగా 50,000 ఉద్యోగాలు వస్తాయని, వాటిలో సగం పంజాబ్‌లోనే వస్తాయని కంపెనీ మాట ఇచ్చింది. వ్యవసాయ పరిశోధన కేంద్రం నెలకొల్పుతానన్నది. విదేశీ బ్రాండు పేరు వాడకూడదన్న నిబంధన వల్లనే ఆ పానీయం 1990లో ‘లెహర్ పెప్సీ’ అయి బజారులోకి వచ్చింది.

అంతకు మూడేళ్ల ముందు ఇదే కంపెనీ గోయెంకా గ్రూపుతో కలిసి ఒక ప్రతిపాదన తెచ్చింది. కోలా సాంద్రాన్ని దిగుమతి చేసుకుంటాం, బదులుగా పంజాబ్ నుంచి పండ్ల రసాలు ఎగుమతి చేస్తాం అన్నది దాని సారం. ఢిల్లీ ఒప్పుకోలేదు. రెండోసారి వచ్చినప్పుడు వ్యాపార ప్రతిపాదన వేషం మారింది. ప్రైవేటు భాగస్వామి పక్కన ఒక ప్రభుత్వ సంస్థ చేరింది. పానీయం వెనక్కి వెళ్లి, పంజాబ్ రైతు, పంజాబ్ నిరుద్యోగ యువకుడు ముందుకు వచ్చారు. ‘ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం’ అన్న మాట అప్పటికింకా మన పాలకుల నోట నలగలేదు. కానీ ఆ రూపంలో వ్యవసాయంలో అడుగుపెట్టిన తొలి పెద్ద ప్రయోగాలలో ఇది ఒకటి. పంట మార్పిడి, నేల రక్షణ, నీటి పొదుపు పేరిట ఈ దేశంలో కంపెనీలతో ప్రభుత్వాలు చేసుకునే ఒప్పందాలన్నీ ఆనాటి బాటలోనే నడిచాయి.

పంజాబ్‌నే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. ఒకటి తుపాకుల కథ. 1984 జూన్‌లో స్వర్ణ మందిరంలోకి సైన్యం వెళ్లింది. 1985 జూలైలో రాజీవ్ గాంధీ, లోంగోవాల్ ఒప్పందం కుదిరింది. మరుసటి నెలలోనే లోంగోవాల్ హత్యకు గురయ్యారు. ఆ తరువాత వచ్చిన బర్నాలా ప్రభుత్వం 1987 మే దాకా నిలిచింది. అక్కడి నుంచి 1992 ఫిబ్రవరి వరకు రాష్ట్రపతి పాలనే. అంటే పెప్సీ ప్రతిపాదన అకాలీ ప్రభుత్వ కాలంలో మొదలైనా, అనుమతి వచ్చేనాటికి చండీగఢ్‌లో ఎన్నికైన ప్రభుత్వం లేదు. గవర్నరు సిద్ధార్థ శంకర్ రే పాలిస్తున్నారు. రాష్ట్రం తరఫున భాగస్వామిగా నిలిచిన సంస్థను నడిపిన యంత్రాంగం ఢిల్లీకి జవాబుదారీ. అనుమతి ఇచ్చింది కూడా ఢిల్లీయే. ఒప్పందంలో ‘ప్రభుత్వం’ అన్న పక్షం రెండు టోపీలు పెట్టుకున్న ఒకే మనిషి. ఇంత పెద్ద మార్పుకు పంజాబ్ శాసనసభలో ఒక్క గంట చర్చ కూడా లేదు, ఎందుకంటే అనుమతి నాటికి శాసనసభే లేదు. ఆయుధం పట్టిన యువకుడికి ఉద్యోగం చూపిస్తే ఉగ్రవాదం తగ్గుతుందన్న వాదన కంపెనీకి బాగా అక్కరకు వచ్చింది.

రెండో సమాధానం నేలలో ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఇంకో పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

1959లో ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల బృందం భారతదేశ ఆహార సంక్షోభంపై ఒక నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1960లో ‘సాంద్ర వ్యవసాయ జిల్లాల కార్యక్రమం’ మొదలైంది. నీటి వసతి ఉన్న కొన్ని జిల్లాలను ఎంచుకుని విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకేసారి గుమ్మరించాలన్నది ఆలోచన. మొదటి విడత ఏడు జిల్లాలలో తంజావూరు, షాహాబాద్, రాయపూర్, అలీగఢ్, పాలీ ఉన్నాయి. ఉత్తరాన లూధియానా, ఆంధ్రలో పశ్చిమ గోదావరి కూడా ఆ జాబితాలో పక్కపక్కనే ఉన్నాయి. విదేశీ ప్రైవేటు ఫౌండేషన్ డబ్బు, సలహా ఒకవైపు, ప్రభుత్వ యంత్రాంగం మరోవైపు. ఆ భాగస్వామ్యానికి అప్పుడెవరూ ఆ పేరు పెట్టలేదు.

1965లో ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ పుట్టాయి. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం ఓడల్లో దిగింది. లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ విత్తనాన్ని స్థానిక నేలకు అలవాటు చేసింది. పంట ఎంత పండితే అంత కొంటామన్న ప్రభుత్వ హామీ రైతుకు ధైర్యమిచ్చింది. గోధుమతో మొదలైన హామీ వరికి పాకింది. పంజాబీ భోజనంలో రొట్టెదే పెద్ద పీట. అన్నం తినని నేల మీద వరి ఎందుకు పండిందంటే ప్రభుత్వం కొన్నది కాబట్టి. 1960-61లో రెండు లక్షల హెక్టార్లకు కాస్త పైన ఉన్న వరి 1980-81 నాటికి దాదాపు 12 లక్షల హెక్టార్లకు చేరింది. కాలువల నీళ్లు చాలక బోర్లు దిగాయి. దేశం బియ్యం నిల్వలు చూసి మురిసిపోయింది. నేల కింద జరుగుతున్నది ఎవరికీ కనబడలేదు.

కనబడినవారిలో ఆర్థికవేత్త సర్దారా సింగ్ జోహల్ ఒకరు. ఆయన నేతృత్వంలోని కమిటీ 1986లో పంజాబ్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. వరి, గోధుమల కింద ఉన్న విస్తీర్ణంలో కనీసం 20 శాతాన్ని పండ్లు, కూరగాయలు వంటి ఇతర పంటలకు మళ్లించాలని అది సూచించింది. ఇప్పుడు మనం ‘సుస్థిర వ్యవసాయం’ అని పిలిచేదంతా బీజరూపంలో ఆ నివేదికలో ఉంది. కూరగాయలు పండిస్తే కొనేదెవరన్న ప్రశ్న కూడా దాంతోపాటే వచ్చింది. సరిగ్గా అదే సంవత్సరం పెప్సీ రెండో ప్రతిపాదన వచ్చింది. పంట మార్చాలని కమిటీ అంటే, మార్చిన పంటను తాను కొంటానని కంపెనీ అంది. రెండూ అతికినట్టు సరిపోయాయి. ఆ సరిపోవడంలో కాకతాళీయం ఎంత, చతురత ఎంత అన్నది పాఠకుల ఊహకు వదిలేయవచ్చు.

కంపెనీ మాట మీద నిలబడలేదని తేల్చేయడం సులువు. అది సగమే నిజం. హోషియార్‌పూర్ జిల్లా జహూరాలో టమాటా గుజ్జు ఫ్యాక్టరీ వచ్చింది. దాని ఆకలికి అప్పటి పంజాబ్ టమాటా చాలదు. పైగా అక్కడ టమాటా ఏడాదిలో కొద్ది వారాలే దొరికేది. కూరకు పనికొచ్చే రకం గుజ్జుకు పనికిరాదు. గుజ్జుకు కండ ఎక్కువ, నీరు తక్కువ ఉన్న కాయ కావాలి. అందుచేత కంపెనీ విత్తనాలు తెచ్చింది, నారు పెంచి రైతులకు ఇచ్చింది, లోతు దుక్కి నేర్పింది, నాటే పద్ధతులు మార్చింది. లూధియానా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు తోడు నిలిచారు. హెక్టారుకు 16 టన్నులున్న దిగుబడి దశాబ్దంలో 50 టన్నులు దాటిందని అప్పటి లెక్కలు చెబుతాయి. ఆ లెక్కలు చాలామట్టుకు కంపెనీ వైపు నుంచి వచ్చినవే అయినా, ఒప్పంద రైతుల పొలాల్లో దిగుబడి బాగా పెరిగిందన్న దాంట్లో వివాదం లేదు. ప్రభుత్వ పరిశోధన, ప్రైవేటు మార్కెట్టు కలిస్తే రైతుకు కొత్త పంట అందుతుందన్న వాదనకు ఇంతకన్న మంచి సాక్ష్యం ఆ రోజుల్లో లేదు.

అయితే దిగుబడి ఒక సంగతి, బేరం ఇంకో సంగతి. పంజాబ్ ఒప్పంద సేద్యాన్ని దగ్గరగా పరిశీలించిన ఆర్థికవేత్త సుఖ్‌పాల్ సింగ్ రాసినది చదివితే పొలం గట్టు మీది నుంచి ఆ కథ వేరుగా కనిపిస్తుంది. ఒప్పందాలు ఎక్కువగా పెద్ద కమతాల వారికే దక్కాయి. వందమంది చిన్న రైతుల చుట్టూ తిరగడం కంటే పదిమంది పెద్ద రైతులతో పని చేసుకోవడం ఏ కంపెనీకైనా చౌక. మార్కెట్టులో ధర పడిపోయిన ఏడు ఫ్యాక్టరీ గేటు దగ్గర నాణ్యత కొలతలు బిగుసుకునేవి. ధర పెరిగిన ఏడు రైతు తన కాయను మండీకి తోలేవాడు. ఇద్దరూ మాట తప్పేవారే. తేడా ఒక్కటే. ఫ్యాక్టరీకి ఒక ఏడు నష్టమొస్తే ఇంకో సరుకుతో సరిపెట్టుకుంటుంది. రైతుకు ఆ ఏడు పోతే మళ్లీ ఆ ఏడు రాదు. కోతకు వచ్చిన టమాటా గేటు బయట ట్రాలీలో రెండు రోజులు ఆగితే ఏమవుతుందో రైతుబజారు చూసిన తెలుగువారికి చెప్పనక్కరలేదు.

పక్క పొలంలో వరి ఉంది. దానికి ధర ముందే తెలుసు. మండీకి తోలితే ప్రభుత్వం కొంటుంది. కమీషన్ ఏజెంటు, పంజాబీలో ఆఢ్తియా, అవసరానికి అప్పిచ్చి ఆ తూకంలోనే మినహాయించుకుంటాడు. తెగులు తక్కువ, కూలీల బెడద తక్కువ. 1997 నుంచి కరెంటు ఉచితం. ఒప్పంద పంట రైతుకు ఇచ్చింది ఆదాయపు ఆశ, వరి ఇచ్చింది నిద్ర. ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలన్నది ఏ రైతుకూ కష్టమైన లెక్క కాదు.

ఈలోగా ఢిల్లీలో నేల కదిలింది. 1989 ఎన్నికల్లో రాజీవ్ ఓడిపోయారు. ప్రతిపక్షంలో ఉండగా పెప్సీ అనుమతిని తూర్పారబట్టినవారు అధికారంలోకి వచ్చారు. 1977లో కోకా కోలాకు షరతులు పెట్టిన పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ఇప్పుడు విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ మంత్రివర్గంలో ఉన్నారు. అనుమతిని తిరగదోడతామన్నారు, కానీ రద్దు చేయలేదు. లెహర్ పెప్సీ సీసాలు ఆ ప్రభుత్వ కాలంలోనే బజారులోకి వచ్చాయి. పదవిలో లేనప్పటి ఆవేశం పదవిలోకి వచ్చాక ఫైళ్ల కింద పడిపోవడం మన రాజకీయాల్లో కొత్త కాదు.

1991 వచ్చింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం పారిశ్రామిక విధానాన్ని మార్చింది. విదేశీ బ్రాండు పేర్లకు తలుపు తెరుచుకుంది, ‘లెహర్’ రాలిపోయి ‘పెప్సీ’ మిగిలింది. పానీయాలపై 25 శాతం హద్దు, ఎగుమతి నిష్పత్తి వంటివి ఒకదాని తరువాత ఒకటి సడలాయి. అంతకు ముందు కూడా ఎగుమతి షరతు నెరవేర్చడానికి కంపెనీ టీ, బియ్యం, రొయ్యల వంటివి కొని పంపిందే తప్ప, పంజాబ్ పండ్లతోనే ఆ లెక్క నింపలేదు. 50,000 ఉద్యోగాల దరిదాపులకు ఆ కంపెనీ రాలేదు. 1994లో పెప్సీకో మిగిలిన ఇద్దరి వాటాలూ కొనేసి ఉమ్మడి సంస్థకు ముగింపు పలికింది. కొన్నేళ్లకు జహూరా టమాటా ఫ్యాక్టరీ హిందుస్థాన్ లీవర్ చేతికి వెళ్లింది. పానీయాల వ్యాపారం, చిప్స్ వ్యాపారం మిగిలాయి, పెరిగాయి.

ఇక్కడ కంపెనీ ఒక్క చట్టాన్నీ ఉల్లంఘించలేదు. అసలు ఇబ్బంది అదే. షరతులు పెట్టింది కేంద్రం, తీసింది కేంద్రం. రెండూ కార్యనిర్వాహక నిర్ణయాలే. పంట మార్పిడి అన్న వాగ్దానం ఎవరి పేరు మీద జరిగిందో ఆ రైతు ఈ కాగితంలో పక్షం కాదు. షరతు సడలినప్పుడు ఆయనను ఎవరూ అడగలేదు. ఆయన కోర్టుకు వెళ్లి నా వాగ్దానం ఏమైందని అడిగే వీలూ లేదు. పంజాబ్ ఆగ్రో సంస్థ తన వాటాకు ధర తీసుకుంది. వోల్టాస్ తీసుకుంది. పరిశోధనకు పంపిన శాస్త్రజ్ఞుల జ్ఞానానికి, ప్రయోగానికి ఇచ్చిన పొలాలకు వాటా ఎవరూ లెక్కగట్టలేదు. లైసెన్సు రాజ్యం పోవలసిందే అన్నవారు కూడా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. పారిశ్రామిక షరతులను ఎత్తివేసేటప్పుడు, వాటిలో భాగంగా ఇచ్చిన వ్యవసాయ బాధ్యతను వేరుచేసి ఇంకో రూపంలో నిలబెట్టడానికి ఢిల్లీలో ఒక్క మంత్రిత్వ శాఖ కూడా ఎందుకు ముందుకు రాలేదు?

ఆ తరువాత గణాంకాలు వాటంతట అవే మాట్లాడతాయి. 1990-91లో పంజాబ్‌లో వరి దాదాపు 20 లక్షల హెక్టార్లు. 2000-01 నాటికి 26 లక్షలు. ఇప్పుడు 30 లక్షలకు పైనే. పంట మార్పిడి పేరిట భాగస్వామ్యాలు నడిచిన కాలంలోనే వరి ఇంతగా విస్తరించింది. భూగర్భ జలం ఏటా ఎంత చేరుతుందో దానిలో 150 శాతానికి పైగా తోడేస్తున్నారని కేంద్ర భూగర్భ జల మండలి అంచనాలు చెబుతున్నాయి. 2002లో జోహల్ మళ్లీ ఒక కమిటీకి నేతృత్వం వహించి, ఈసారి పది లక్షల హెక్టార్లను మళ్లించాలని, మారిన రైతుకు నేరుగా పరిహారం ఇవ్వాలని సూచించారు. అదే ఏడు అమరీందర్ సింగ్ ప్రభుత్వం పంజాబ్ ఆగ్రో అనుబంధ సంస్థను మధ్యన పెట్టి, విత్తన కంపెనీలతో కలిసి మొక్కజొన్న, బార్లీ, నూనెగింజల ఒప్పంద సేద్యం మొదలెట్టింది. కొన్నేళ్లకు అదీ నీరుగారింది. 2013లో ఒప్పంద సేద్యంపై రాష్ట్రం ఒక చట్టం చేసింది. అది కాగితం దాటి పెద్దగా నడిచింది లేదు.

చట్టంతో కట్టేస్తే పరిస్థితి మారేదా? లూధియానాతో పాటు 1960 జాబితాలో ఉన్న పశ్చిమ గోదావరి ఇందుకు ఒక జవాబు చెబుతుంది, పూర్తిగా కాకపోయినా. ఆయిల్‌పామ్ సాగు కోసం ఆంధ్రప్రదేశ్ 1993లో ఒక ప్రత్యేక చట్టం చేసింది. మండలాలను జోన్లుగా విభజించి ఒక్కో జోన్‌ను ఒక్కో ఫ్యాక్టరీకి అప్పగించారు. ఆ జోన్‌లోని రైతు గెలలన్నీ ఆ ఫ్యాక్టరీకే తోలాలి. ఫ్యాక్టరీ వచ్చిన గెలలన్నీ కొనాలి. ధరను ప్రభుత్వం ఒక సూత్రం ప్రకారం నిర్ణయిస్తుంది. కోసిన గెలను త్వరగా ఆడకపోతే నూనె చెడిపోతుంది కాబట్టి రైతు చేతికి బేరం శక్తి ఉండదన్న గ్రహింపు ఆ చట్టంలో ఉంది. జహూరా గేటు దగ్గర లేనిది అదే. ముప్పై ఏళ్లలో అక్కడ ఆయిల్‌పామ్ నిలబడింది, విస్తరించింది.

కానీ అక్కడా పేచీ తప్పలేదు. ధర సూత్రానికి గుండెకాయ గెలలోంచి వచ్చే నూనె శాతం. తెలంగాణ వైపు అశ్వారావుపేట ఫ్యాక్టరీలో చూపే శాతం ఎక్కువ, ఆంధ్రలో లెక్కగట్టే శాతం తక్కువ. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే గెలకు రెండు ధరలు. ఏళ్ల తరబడి రైతులు ఆందోళన చేశాక గాని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ తేడా చెల్లించడానికి ముందుకు రాలేదు. అప్పటికీ పామాయిల్ దిగుమతి సుంకం ఢిల్లీ చేతిలో ఉంది. పట్టణాల్లో నూనె ధర పెరిగిందని సుంకం తగ్గిస్తే గెల ధర పడిపోతుంది. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో జాతీయ పామాయిల్ మిషన్ ప్రకటిస్తూ ధరకు భరోసా కలిపింది కూడా ఈ అనుభవం చూసే. ఇది నీళ్లు బాగా తాగే పంట అన్న సంగతి వేరే చర్చ. వరి నుంచి రైతును తప్పించడానికి ఇంకో దాహపు పంట చూపడం సుస్థిరత ఎలా అవుతుందో మిషన్ పత్రాలు రాసినవారే చెప్పాలి.

పెప్సీకి, రైతుకు మధ్య ముఖాముఖి చివరికి కోర్టులోనే జరిగింది. అదీ పంజాబ్‌లో కాదు, గుజరాత్‌లో. చిప్స్‌కు పనికొచ్చే ఎఫ్.సి. 5 అనే బంగాళదుంప రకానికి కంపెనీ 2016లో రిజిస్ట్రేషన్ పొందింది. తన అనుమతి లేకుండా ఆ రకాన్ని పండిస్తున్నారంటూ 2019లో గుజరాత్ రైతులపై దావాలు వేసింది. వారిలో నలుగురి నుంచి తలా ఒక కోటీ ఐదు లక్షల రూపాయలు పరిహారం అడిగింది. మూడు, నాలుగు ఎకరాల రైతుకు ఆ అంకె చదవడమే కష్టం. లోక్‌సభ ఎన్నికలు జరుగుతున్న రోజులవి. దేశవ్యాప్తంగా నిరసన రేగింది. మే నెలలో కంపెనీ దావాలు ఉపసంహరించుకుంది.

ఆ రైతులను కాపాడింది ఎన్నికల వేడి ఒక్కటే కాదు. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. రిజిస్టరైన రకాన్నైనా సరే రైతు దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు వేసి విత్తనంగా అమ్మకూడదు, అంతే. కంపెనీలు, ప్రభుత్వం, రైతు ఉద్యమాలు ఏళ్ల తరబడి పెనుగులాడి రాసుకున్న వాక్యమది. దాని ఆసరాతోనే కవిత కురుగంటి ఆ రిజిస్ట్రేషన్ రద్దు కోరారు. 2021 డిసెంబరులో ప్రాధికార సంస్థ రద్దు చేసింది. 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం దాన్ని సమర్థించింది. 2024 జనవరిలో డివిజన్ బెంచి ఆ రద్దును కొట్టేసి కంపెనీ హక్కును నిలబెట్టింది. రిజిస్ట్రేషన్ ఎవరిదన్న వివాదం ఎటు తిరిగినా, 39వ సెక్షన్ మాత్రం అక్కడే ఉంది. 1988 నాటి వ్యవసాయ షరతుల్లో ఒక్కటీ అలా రైతు పేరు మీద చట్టంలోకి ఎక్కలేదు.

2020 జూన్‌లో కేంద్రం మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు తెచ్చినప్పుడు పంజాబ్ అందరికంటే ముందు ఎందుకు కదిలిందో ఢిల్లీ స్టూడియోలకు అంతుపట్టలేదు. ఆఢ్తియాల కుట్ర అన్నారు, ధనిక రైతుల గోల అన్నారు. వాటిలో ఒకటి ఒప్పంద సేద్యం గురించినది. దానిలో రైతుకు మేలు చేసే మాటలు లేకపోలేదు. రైతు భూమిని కంపెనీ తనఖా పెట్టించుకోకూడదంది, కంపెనీ డబ్బు ఎగవేస్తే జరిమానా వేయవచ్చునంది. కానీ వివాదం వస్తే సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసేసి సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు దగ్గరకు పంపింది. ధరల కోసం కంపెనీతో తగవు పడిన రైతు చివరికి జిల్లా యంత్రాంగం దయ మీద నిలబడాలి. ఒకసారి టమాటా ట్రాలీతో గేటు బయట నిలబడిన ప్రాంతానికి ఆ గీత అర్థం కావడానికి న్యాయవాది అక్కరలేదు. ఏడాదికి పైగా సింఘూ, టిక్రీల దగ్గర రోడ్ల మీద కూర్చున్నారు. 2021 నవంబరు 19న ప్రధాని చట్టాల ఉపసంహరణ ప్రకటించారు. పంజాబ్ అప్పటికి కోరింది కొత్త భాగస్వామిని కాదు. ఉన్న ఒకే నమ్మకమైన కొనుగోలుదారు, అంటే ప్రభుత్వం, చేయి వదలకూడదనే.

ఆ భయం సబబే కానీ దాని మూల్యం నీళ్లలో చెల్లిస్తున్నారు. రైతు సంఘాలు ఈ ముక్కను బహిరంగంగా ఒప్పుకోవడానికి ఇష్టపడవు. వరికి ఇచ్చిన భరోసా మరే పంటకూ లేనంతకాలం వరి తగ్గదు. వరి తగ్గనంతకాలం బోరు లోతు పెరుగుతూనే ఉంటుంది. 1986లో ఉన్న చిక్కు ఇదే.

2024 ఫిబ్రవరిలో కనీస మద్దతు ధరకు చట్టబద్ధత కోరుతూ రైతులు మళ్లీ ఢిల్లీ దారి పట్టారు. శంభూ సరిహద్దు దగ్గర హర్యానా పోలీసులు ఆపేశారు. 18వ తేదీ రాత్రి చండీగఢ్‌లో కేంద్ర మంత్రులు పీయూష్ గోయల్, అర్జున్ ముండా, నిత్యానంద్ రాయ్ వారి నాయకులతో కూర్చుని ఒక ప్రతిపాదన పెట్టారు. వరి వదిలి పప్పులు, మొక్కజొన్న, పత్తి వేసే రైతులతో నాఫెడ్, ఎన్.సి.సి.ఎఫ్., కాటన్ కార్పొరేషన్ ఒప్పందాలు కుదుర్చుకుంటాయి. ఎంత పండినా మద్దతు ధరకు కొంటాయి. ఈసారి బల్లకు అటువైపు కంపెనీ లేదు, ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. ఇటువైపు తొలిసారిగా రైతు ఉన్నాడు. ఒప్పంద గడువు ఐదేళ్లు. మరునాడు రైతు నాయకులు దాన్ని తిరస్కరించారు. 23 పంటలకూ చట్టం కావాలన్నారు. ఐదేళ్ల తరువాత ఏమిటన్న ప్రశ్నకు ఆ ప్రతిపాదనలో సమాధానం లేదు. ఆ జూన్‌లో పంజాబ్ మళ్లీ వరి నాటింది.